సంక్రాంతికి అమ్మకి టీవీ: ఇప్పుడే కొనాలా, జనవరి సేల్ దాకా ఆగాలా?

కృష్ణలంక వాసి
డిసెంబరు 20, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్న 32 అంగుళాల టీవీకి తొమ్మిదేళ్ళు. నెల రోజులుగా తెర ఎడమ పక్కన నల్లటి పట్టీ వస్తోంది. మొదట్లో నెత్తిన ఒక్కటిస్తే పోయేది, ఇప్పుడు రెండిచ్చినా పోవట్లేదు. పండక్కి అక్కాబావా, పిల్లలు వస్తున్నారు, ఈలోగా కొత్తది పెట్టించమని అమ్మ పోరు. బడ్జెట్ 40 వేలు, మహా అయితే ఇంకో రెండు. 55 అంగుళాలది తీసుకోవాలని నా కోరిక.

ఆన్‌లైన్‌లో ఒకదానికి 62 శాతం తగ్గింపు అని చూపిస్తోంది. నమ్మచ్చా? దసరాకి కొనకపోవడం నా పొరపాటేనా? ఇక్కడ విజయవాడలో ఏలూరు రోడ్డు, బీసెంట్ రోడ్డు షాపుల్లో తిరగడం దండగా? టీవీతో పాటు గీజర్‌కి ఒక స్మార్ట్ ప్లగ్గు (ఫోన్లోంచి ఆన్, ఆఫ్ చేసేది), ఇంటికో కెమెరా కూడా తీసుకుందామనుకుంటున్నాను. పండగయ్యాక మేం నాలుగు రోజులు ఊళ్ళో ఉండం.

భవానీపురం బుజ్జి
డిసెంబరు 20, రాత్రి 9:58

షాపులు దండగే అన్నా. జనవరి మధ్యలో రిపబ్లిక్ డే సేల్ వస్తుంది, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ రెండింట్లోనూ. ఇప్పుడే కార్టులో పడేసి కూర్చో. నేను రెండేళ్ళలో ఇంట్లో ఏదీ బయట కొనలేదు, ఆఖరికి చీపురుతో సహా.

ఏలూరురోడ్ బాబాయ్
డిసెంబరు 20, రాత్రి 10:31

ఒరేయ్ బుజ్జీ, ఆ సేల్ మొదలయ్యేసరికి భోగి మంట ఆరిపోయి ఉంటుంది. సరుకు ఇంటికొచ్చేసరికి ముక్కనుమ. వాళ్ళ అక్క పిల్లలు తిరుగు ప్రయాణంలో రైలు కిటికీలోంచి చూస్తారా కొత్త టీవీని?

కృష్ణలంక బాబూ, నేను పద్నాలుగేళ్ళు షోరూములో టీవీలు అమ్మాను, ఇప్పుడు మానేశాను కాబట్టి నిజం చెప్పడంలో నాకు నష్టం లేదు. 62 శాతం అనేది ఎంఆర్‌పీ మీద లెక్క. ఎంఆర్‌పీ అంటే అంతకు మించి అమ్మకూడదని గీసిన గీత, అంతే. ఆ గీతని కంపెనీ ఎంత ఎత్తున గీసుకుంటే శాతం అంత పెద్దగా కనిపిస్తుంది. డబ్బా మీద 79,900 అని ఉన్న టీవీని ఆ రేటుకి కొన్నవాణ్ణి నా సర్వీసులో ఒక్కణ్ణి చూడలేదు. శాతం సంగతి వదిలెయ్. ఈ మోడల్ గత మూడు నెలల్లో ఎంతకి అమ్ముడుపోయింది? అది తెలుసుకో చాలు.

ఇంకోటి, మోడల్ నంబరు పూర్తిగా రాసుకో. "శామ్‌సంగ్ 55" అంటే సరిపోదు. వాళ్ళ 4కే టీవీల (బొమ్మ బాగా స్పష్టంగా చూపించే తెరలవి) నంబర్లో సి అక్షరం ఉంటే 2023 మోడల్, డి ఉంటే 2024. ఎల్‌జీలో యూఆర్ 2023ది, యూటీ 2024ది. పాత మోడల్ కొనకూడదని నేననను. పాతది పాత ధరకి రావాలి కదా. పండగ సేల్‌లో ముందు వరసలో పేర్చేది చాలావరకు గోడౌన్లో మిగిలిపోయిన పాత సరుకే. డబ్బా మీద తయారీ నెల, సంవత్సరం అచ్చేసి ఉంటాయి, డబ్బులిచ్చే ముందు చూసుకో.

బ్రాడీపేట 4వ లైన్
డిసెంబరు 21, ఉదయం 6:50

బాబాయ్ గారు చెప్పిన మూడు నెలల ధర చూడటానికి దారి ఉంది. అమెజాన్‌కి కీపా, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ రెండింటికీ బైహట్కే అనే సైట్లున్నాయి. టీవీ లింకు అందులో పెడితే ధర ఎప్పుడెంత ఉందో గీత గీసి చూపిస్తుంది. మా మరిదికి ఒకటి చూసిపెట్టాను. సేల్‌కి పది రోజుల ముందు మూడు వేలు పెరిగి, సేల్ రోజున నాలుగు వేలు తగ్గింది. అంటే నికరంగా మిగిలేది వెయ్యి. పైన మాత్రం పెద్ద అక్షరాలతో "అతి తక్కువ ధర".

దసరాకి కొనలేదని మీరు బాధపడక్కర్లేదు. అప్పుడు అంత హడావుడికి సగం కారణం జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాల కంటే పెద్ద టీవీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ తగ్గింపు ఇప్పటికీ ఉంది, రేపూ ఉంటుంది, సేల్ అక్కర్లేదు. అయితే పది శాతం పన్ను తగ్గింది కదా అని ధర కూడా పది శాతం తగ్గదు. 30 వేల వస్తువుకి అప్పట్లో పన్నుతో 38,400, ఇప్పుడు 35,400. మూడు వేలు, అంటే పాత ధరలో 7.8 శాతం. 32 అంగుళాలు, అంతకంటే చిన్నవాటికి ముందునుంచీ 18 శాతమే, వాటి మీద కొత్తగా తగ్గిందేమీ లేదు. మా లక్ష్మీపురంలో ఒక షాపు ముందు 32 అంగుళాల టీవీకి "జీఎస్టీ ఆఫర్" అని బ్యానర్ కట్టారు. లోపలికెళ్ళి అడిగాను. కుర్రాడు ఇబ్బందిగా నవ్వి, బ్యానర్ హెడ్ ఆఫీసు నుంచి వచ్చిందండీ అన్నాడు.

భవానీపురం బుజ్జి
డిసెంబరు 21, ఉదయం 9:15

సరే అక్కా, కానీ ఆన్‌లైన్‌లో కార్డు మీద పది శాతం ఇస్తారు కదా. షాపులో ఎవడిస్తాడు?

బ్రాడీపేట 4వ లైన్
డిసెంబరు 21, ఉదయం 9:40

పది శాతం పక్కన చుక్క (*) గుర్తు ఉంటుంది చూడు తమ్ముడూ, దాన్ని నొక్కు. గరిష్ఠం 1,500 అని ఉంటే 36 వేల టీవీకి నీకొచ్చేది నాలుగు శాతం చిల్లర. పెద్ద షోరూముల్లోనూ కార్డు ఆఫర్లు ఉంటాయి, అడిగితేనే చెబుతారు.

సింగ్‌నగర్ 97
డిసెంబరు 21, మధ్యాహ్నం 1:22

నా అనుభవం ఒకటి చెబుతాను, కార్డు మాట వచ్చింది కాబట్టి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చినప్పుడు కింద వాటాలో మాది మంచం కూడా మునిగింది. టీవీని బీరువా మీదికి ఎక్కించాం. నీళ్ళు అంత ఎత్తు రాలేదు గానీ, బీరువా చెక్క ఉబ్బి పక్కకి ఒరిగి టీవీ బోర్లా పడింది. ఆరు రోజుల తర్వాత నీళ్ళు తీశాక చూస్తే వెనకాల స్పీకరు జాలీలోంచి బురద కారుతోంది.

ఆ నెలలో ఇంట్లోకి అన్నీ ఒకేసారి కొనాల్సి వచ్చింది. ఫ్రిజ్, పరుపు, మిక్సీ, టీవీ. చేతిలో డబ్బు లేదు. ఒక షోరూములో ఫైనాన్స్ కుర్రాడు నో కాస్ట్ ఈఎంఐ అన్నాడు, వడ్డీ సున్నా అన్నాడు, సంతకాలు పెట్టేశాను. తర్వాత చూస్తే ప్రాసెసింగ్ ఫీజు, కార్డు ఫీజు, నేను అడగని బీమా ఒకటి. అన్నీ కలిపి పద్దెనిమిది వందలు. బీమా రద్దు చేయించడానికి నాలుగుసార్లు ఫోన్. అప్పుడున్న మనఃస్థితిలో చదివే ఓపిక లేదు, వాళ్ళకీ ఆ సంగతి తెలుసు.

బ్రాడీపేట 4వ లైన్
డిసెంబరు 21, మధ్యాహ్నం 2:05

చాలా కష్టం పడ్డారండీ. మా పిన్ని వాళ్ళదీ మీ వైపే, నందమూరి నగర్, అదే కథ.

అసలు సున్నా వడ్డీ అనేదే లేదు. ఆ పేరుతో పథకాలు నడపొద్దని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది. ఇప్పుడు జరిగేదేమిటంటే, బ్యాంకు వడ్డీ మామూలుగానే వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్ళు ధరలో ముందే తగ్గిస్తారు. 36 వేల టీవీ, ఆరు వాయిదాలు, నెలకి ఆరు వేలు అనుకోండి. వార్షిక వడ్డీ 16 శాతం అయితే అందులో వడ్డీ భాగం 1,620 చిల్లర. అది మీకు తగ్గింపుగా వచ్చేస్తుంది, నిజమే. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీదే, దగ్గర దగ్గర 290. ప్రాసెసింగ్ ఫీజు 199, దానికీ పన్ను, కలిపి 235. మొత్తం 525. అవసరానికి ఆరు నెలల అప్పు 525కి దొరికితే నిజానికి చవకే, నేను కూడా తీసుకుంటాను. సున్నా అని చెప్పి తీసుకోవడమే నాకు నచ్చదు. ఒక్కసారే కట్టేస్తే ఇంకా ఎంత తగ్గిస్తారో కూడా అడగండి, కొన్నిచోట్ల ఆ ధర వేరే ఉంటుంది.

ప్లగ్గు పంతులు
డిసెంబరు 21, రాత్రి 8:10

ఆలస్యంగా వచ్చాను. ధరల సంగతి మీరంతా తేల్చేశారు, నాదొక వేరే ప్రశ్న. కృష్ణలంక గారూ, మీ అమ్మగారు చూసేది ఏమిటి? ఎంత దూరంలో కూర్చుంటారు?

కృష్ణలంక వాసి
డిసెంబరు 21, రాత్రి 8:26

సీరియళ్ళు, వార్తలు, పొద్దున్నే భక్తి ఛానల్. అన్నీ కేబుల్ డబ్బాలోనే. యూట్యూబ్‌లో వంటలు అప్పుడప్పుడు. దివాన్ నుంచి గోడకి ఏడడుగులు ఉంటుందండీ. హాలు చిన్నది.

ప్లగ్గు పంతులు
డిసెంబరు 21, రాత్రి 8:55

అయితే 55 వద్దు. కేబుల్లో చాలా ఛానళ్ళు ఇప్పటికీ హెచ్‌డీ కానివే వస్తాయి. ఆ చిన్న బొమ్మని 4కే తెర అంతటా సాగదీస్తే మొహాలన్నీ తడిసిన పేపరు మీద అచ్చేసినట్టుంటాయి. తెర పెద్దదయ్యేకొద్దీ, మనం దగ్గరయ్యేకొద్దీ అది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మా కొరిటెపాడు ఇంట్లో 55 పెట్టాక మా అత్తగారు మొదటి రోజే అడిగారు, "పాత దాంట్లో బాగుండేది కదయ్యా" అని. దాని ధర ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

ఒక పని చేయండి. పాత దినపత్రికలు తీసుకుని 43 కొలతకి, అంటే సుమారు 95 సెంటీమీటర్ల వెడల్పు, 54 ఎత్తు, గోడకి టేపుతో అతికించండి. పక్కనే 55ది, 122కి 69. దివాన్ మీద అమ్మగారిని కూర్చోబెట్టి ఏది బాగుందో అడగండి.

కృష్ణలంక వాసి
డిసెంబరు 22, రాత్రి 9:20

అతికించాను. 55 పేపరు స్విచ్ బోర్డుని సగం కప్పేసింది, అటు దేవుడి పటం కిందికి వచ్చింది. అమ్మ రెండు నిమిషాలు చూసి, "ఇంత టీవీ పెడితే క్యాలెండరు ఎక్కడ తగిలించాలిరా" అంది. 43 ఖాయం.

ప్లగ్గు పంతులు
డిసెంబరు 22, రాత్రి 9:41

పది వేలైనా మిగిలాయి మీకు, ఏ కూపనూ లేకుండా.

ఇక గీజర్ ప్లగ్గు. గీజర్ ఒంటి మీద రేకు ముక్క ఉంటుంది, వాట్లు చూడండి. 2,000 అయితే 230 వోల్టులకి 8.7 ఆంపియర్లు లాగుతుంది. 3,000 అయితే 13. సేల్‌లో అయిదారు వందలకి ఊరించే ప్లగ్గుల్లో చాలావరకు 6 లేదా 10 ఆంపియర్లవి. అవి దోమల మందుకీ, టేబుల్ ఫ్యానుకీ పనికొస్తాయి. గీజర్‌కి 16 ఆంపియర్లదే. మా పక్కింటాయన చిన్నదే పెట్టాడు, పదకొండో రోజున ప్లగ్గు గోధుమ రంగుకి తిరిగి బాత్‌రూమ్ అంతా ప్లాస్టిక్ కాలిన వాసన. నీళ్ళ మోటారుకి మాత్రం ఏ స్మార్ట్ ప్లగ్గూ వద్దు. మోటారు తిరగడం మొదలెట్టే క్షణంలో లాగే కరెంటు మామూలు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

దాదాపు ఈ స్మార్ట్ సామానంతా 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పనిచేస్తుంది. రూటర్లో 5 గిగాహెర్ట్జ్ కూడా అదే పేరుతో ఉంటే మొదటిసారి కలిపేటప్పుడు మొరాయిస్తుంది. పాడైంది అనుకుని వెనక్కి పంపేవాళ్ళలో చాలామంది కథ ఇదే. స్మార్ట్ బల్బులు మాత్రం పెద్దవాళ్ళున్న ఇంట్లో దండగ. గోడ స్విచ్ ఆపేస్తే అది ఉత్త బల్బు. అమ్మలు స్విచ్ ఆపకుండా ఉండరు.

ఏలూరురోడ్ బాబాయ్
డిసెంబరు 22, రాత్రి 10:05

పంతులూ, అలెక్సాకి తెలుగు వచ్చా ఈ మధ్య?

ప్లగ్గు పంతులు
డిసెంబరు 22, రాత్రి 10:12

మన దగ్గర ఇంగ్లీషు, హిందీయే బాబాయ్. మా అత్తగారు దాన్ని "ఏమ్మాయ్" అని పిలిచి, పలకకపోతే పొగరు అంటారు.

సింగ్‌నగర్ 97
డిసెంబరు 23, ఉదయం 7:30

కెమెరా గురించి ఒక మాట. నాలుగు రోజులకే అయితే కొనక్కర్లేదేమో. ఆంధ్రప్రదేశ్ పోలీసులది ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఉంది, తాళం వేసిన ఇళ్ళ కోసం. యాప్‌లో నమోదు చేసుకుని ఊరెళ్ళే తేదీలు చెబితే వాళ్ళే వచ్చి కెమెరా పెడతారు, డబ్బు తీసుకోరు. పండగలప్పుడు అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి ముందే మీ స్టేషన్లో కనుక్కోండి.

కొనుక్కుంటే మాత్రం మెమరీ కార్డు పట్టేది తీసుకోండి, లేకపోతే రికార్డింగు కోసం నెలనెలా చందా. ఇంకోటి, నేను చేసిన ఘనకార్యం: కెమెరా పెట్టి, యాప్ సరిచూసుకుని, వెళ్ళేముందు అలవాటు కొద్దీ మెయిన్ స్విచ్ ఆపేసి తాళం వేశాను. హనుమాన్ జంక్షన్ దాటాక ఫోన్లో చూస్తే నల్లటి తెర.

కృష్ణలంక వాసి
డిసెంబరు 27, రాత్రి 8:48

ఇవాళ షాపులకి వెళ్ళాను. బీసెంట్ రోడ్డులో బండి పెట్టే చోటు దొరకడానికే ఇరవై నిమిషాలు. బాబాయ్ చెప్పినట్టు మోడల్ నంబరు చీటీ మీద రాసుకుని వెళ్ళాను. 43 అంగుళాలు, 4కే, రెండు జీబీ ర్యామ్, 2024 మోడల్. ఆన్‌లైన్‌లో 29,990, అక్టోబరులో ఒకసారి 28,490కి దిగినట్టు గీతలో ఉంది.

మొదటి షాపులో 33,500 అన్నారు. ఆన్‌లైన్ ధర చూపిస్తే "అది వేరే సరుకు సార్" అన్నాడు. రెండో చోట, ఏలూరు రోడ్డులో, పెద్దాయన 31 వేలు అని, టేబుల్ స్టాండు, వాల్ బ్రాకెట్, ఆటో ఖర్చు తనదే అన్నాడు. ఇంకా ఏమైనా తగ్గుతుందా?

ఏలూరురోడ్ బాబాయ్
డిసెంబరు 27, రాత్రి 9:10

మొదటివాడి మాట పూర్తిగా అబద్ధం కాదు. కొన్ని కంపెనీలు ఆన్‌లైన్‌కి ఒక నంబరు, షాపుకి ఒక నంబరు పెడతాయి. తెర అదే అయినా ఒక పోర్టో, స్పీకరో తక్కువుంటుంది. నీ చీటీలో నంబరూ డబ్బా మీద నంబరూ ఆఖరి అక్షరం దాకా కలిస్తే మాత్రం వాడిది బుకాయింపే.

పెద్దాయన దగ్గరికి 30వ తేదీనో 31నో వెళ్ళు. నెలాఖరు, పైగా ఏడాది ఆఖరు. కంపెనీ ఇచ్చిన టార్గెట్‌కి రెండు మూడు టీవీలు తక్కువుంటే నీ ఒక్క టీవీ మీద లాభం పోయినా పర్లేదనుకుంటాడు. మధ్యాహ్నం పూట వెళ్ళు, సాయంత్రం జనంలో బేరానికి టైముండదు. అంకె నువ్వు చెప్పకు. "ఆఖరి మాట చెప్పండి, ఫోన్ పే ఇప్పుడే కొడతా" అను, అని ఊరుకో. ఆ ఊరుకోవడమే కష్టం, చాలామంది అక్కడే నోరు జారి వాళ్ళే అంకె చెప్పేస్తారు.

స్టెబిలైజరు అంటగడతాడు. టీవీ వెనక 100-240 వోల్టులు అని రాసి ఉంటే అక్కర్లేదు. పిడుగుల భయముంటే మంచి సర్జ్ ప్రొటెక్టరు చాలు.

భవానీపురం బుజ్జి
డిసెంబరు 27, రాత్రి 9:33

ఆన్‌లైన్‌లో అయితే ఈ నాటకమంతా ఉండదు కదా అంటున్నా.

బ్రాడీపేట 4వ లైన్
డిసెంబరు 27, రాత్రి 10:02

దాని నాటకం దానికుంది తమ్ముడూ. పోయినేడు ఒక సైట్లో తెప్పించాను. వచ్చినాయన గుమ్మంలో పెట్టి, విప్పేది ఇన్‌స్టలేషన్ వాళ్ళే అన్నాడు. వాళ్ళు అయిదో రోజు వచ్చారు. విప్పితే తెర కింది మూలలో సాలెగూడులా పగులు. సైటువాళ్ళు మీరే పగలగొట్టారేమో అన్నారు. అదృష్టం కొద్దీ మా వాడు డబ్బా విప్పడం మొదటి టేపు నుంచీ వీడియో తీశాడు. అయినా ఒప్పుకోలేదు. 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇచ్చిన పన్నెండో రోజున కొత్తది పంపారు. కదలకపోతే గుంటూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసేదాన్ని. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా మనం ఉండే చోటే కేసు వేయచ్చు.

ఆన్‌లైన్ వద్దనను. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉన్నది ఎంచుకో, వచ్చినాయన ముందే విప్పించు.

కృష్ణలంక వాసి
డిసెంబరు 31, సాయంత్రం 6:15

అయిపోయిందండీ. బాబాయ్ చెప్పినట్టే మధ్యాహ్నం రెండున్నరకి వెళ్ళి ఆఖరి మాట అడిగి ఊరుకున్నాను. పెద్దాయన క్యాలిక్యులేటర్ నొక్కాడు, నొక్కినవన్నీ చెరిపాడు, లోపలికి ఫోన్ చేశాడు. నేను టీ తాగాను. ఆయన 29,200 అన్నాడు. అప్పటికీ ఊరుకున్నాను, నిజానికి ఏమనాలో తోచక. 28,800 అన్నాడు. జీఎస్టీ బిల్లు, బ్రాకెట్, ఆటోతో సహా. డబ్బా షాపులోనే విప్పించి, తెరంతా తెల్లగా వెలిగించి మూలలన్నీ చూసుకున్నాను. తయారీ ఈ జూన్. స్టెబిలైజరు అడిగాడు, టీవీ వెనక రాసింది చదివి వినిపించాను, నవ్వేశాడు.

అక్టోబరు ధర కంటే 310 ఎక్కువే పడింది. కానీ బ్రాకెట్ విడిగా కొంటే అంతకు మించే అవుతుంది. 16 ఆంపియర్ల ప్లగ్గు ఒకటి 1,100కి తెచ్చాను. కెమెరా కొనలేదు, స్టేషన్లో అడిగితే తేదీలు రాసుకున్నారు.

అమ్మ అట్టపెట్టె పారేయనివ్వలేదు. అటక మీద ఎక్కించమంది. దాని పక్కనే తొమ్మిదేళ్ళ కిందటి టీవీది కూడా ఉంది.

సింగ్‌నగర్ 97
డిసెంబరు 31, రాత్రి 7:02

శుభం అండీ. బీరువా మీద కాకుండా గోడకే బిగించారుగా?

ఏలూరురోడ్ బాబాయ్
డిసెంబరు 31, రాత్రి 7:20

28,800 మంచి ధర. నేనైతే ఇంకో అయిదు నిమిషాలు ఊరుకునేవాణ్ణి.

భవానీపురం బుజ్జి
డిసెంబరు 31, రాత్రి 7:44

అన్నా, ఆ షాపు ఏలూరు రోడ్డులో ఎక్కడ? మా నాన్న 32 అంగుళాలది అడుగుతున్నాడు.